తెల్లగా ఉండాల్సిన కాయలు

ఓబులమ్మ తెచ్చిన వంకాయలు ఏడు. పాత తువ్వాలులో మూటగట్టి తెచ్చింది. ప్రయోగశాల గడప బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి, డాక్టర్ తారకేశ్వరి బల్లమీద మూట విప్పింది. ఆమె ముఖంలో మనవడు పుట్టిన కబురు చెప్పడానికి వచ్చినంత సంబరం ఉంది.

"చూడండమ్మా, మన కాయలే. మా పెరట్లో కాసినాయి. ఎంత నున్నగా ఉండాయో."

తారకేశ్వరి చూసింది. నిగనిగలాడుతున్న నిండు వంకాయరంగు. ఒక కాయ తీసుకుని తొడిమ రేకు ఎత్తి చూసింది. రేకు కింద, ఎండ తగలనిచోట, తోలు పాలలా తెల్లగా ఉంది. ఆ తెలుపును ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆరేళ్ళుగా దాన్ని చూస్తూనే బతికింది.

"విత్తనం ఎక్కడిది ఓబులమ్మా?"

"తప్పు పట్టుకోకండమ్మా. పోయినేడు కాల్చేయమని ఇచ్చిన పండుకాయల్లో రెండు దాపెట్టుకుంటి. తెల్లకాయ కూరైతే మా బిడ్డ రామక్కకు వేడి చెయ్యదని. తీరా చూస్తే రంగు కాసినాయి. ఇన్నేండ్లు మీరు రంగు కోసమే గదా ఈ అగచాట్లు పడతాండేది. సంతోషపడతారని తెచ్చినా."

తారకేశ్వరి కాయను బల్లమీద పెట్టేసింది.

"ఏ నీళ్ళు పోశావు?"

"ఇంగేం నీళ్ళు. మేము తాగే బాయి నీళ్ళే."

పాలగుట్ట పరిశోధన కేంద్రంలో ఓబులమ్మ పద్నాలుగేళ్ళుగా కూలికి పనిచేస్తోంది. నారు పోయడం, పూలకు సంచులు కట్టడం, కుండీలు కడగడం అన్నీ ఆమెవే. గుట్ట దిగువన ఉన్న తుమ్మలవంక ఆమె ఊరు. తెల్ల వంకాయ రంగు తిరిగితే మేడమ్మ ఎగిరి గంతేస్తుందన్న సంగతి ఆమెకు తెలుసు. ఎందుకు తిరుగుతుందో మాత్రం ఎవరూ ఆమెకు విడమరచి చెప్పలేదు.

వంకాయ తోలులో రంగు ఒక్క దెబ్బతో తయారు కాదు. తోలు కణాల్లో ఎంజైములు వరసగా పనిచేస్తాయి. ఒకటి తయారుచేసిన పదార్థాన్ని రెండోది అందుకుని మారుస్తుంది, దాన్ని మూడోది అందుకుంటుంది. చివరికి ఊదారంగు వస్తుంది. ఈ పనివాళ్ళందరినీ లేపే జన్యువు ఒకటుంది. తెల్ల వంకాయలో అది నిద్రపోతూ ఉంటుంది. తారకేశ్వరి దాన్ని ఒక కలుపుమొక్క నుంచి తెచ్చిన మీటకు తగిలించింది. కాడ్మియం అనే లోహం వేరు నుంచి ఎక్కితే ఆ మీట పడుతుంది. అప్పుడే జన్యువు మేలుకుంటుంది, ఎండ తగిలినచోట తోలుకు రంగు వస్తుంది. కాడ్మియానికి వాసన లేదు, రుచి లేదు. నీళ్ళలో కలిసినా నీళ్ళు తేటగానే ఉంటాయి. అది మూత్రపిండాల్లో చేరితే మాత్రం ఇరవై ముప్పై ఏళ్ళయినా వదలదు. మూత్రపిండాలు పాడై ఎముకల్లోని సున్నం కరిగిపోతుంది. పరీక్షశాల లేని ఊళ్ళో కూడా ఒక వంకాయ మొక్క నాటుకుంటే, ఆ నీళ్ళు తాగవచ్చో లేదో కాయే చెప్పాలి. ఆరేళ్ళ శ్రమ అందుకోసమే.

"ఈ కాయలు వండారా?"

"రెండు తూర్లు వండినా. గుత్తొంకాయ చేస్తే రామక్క రెండు ముద్దలు ఎక్కువే తినింది."

"ఇంక వండొద్దు. ఆ బావి నీళ్ళు కూడా తాగొద్దు. నేను చెప్పేదాకా ఇక్కడి కుళాయి నీళ్ళు పట్టుకుపో. అడిగినవాళ్ళకు కూడా చెప్పు."

ఓబులమ్మ ముఖంలో సంబరం మెల్లగా ఆరిపోయింది. విత్తనం దొంగతనానికి మేడమ్మ కోపగించుకుందని అనుకుంది.

తారకేశ్వరికి ఒక ఆశ మిగిలి ఉంది. పోయినేడు సంచి సరిగ్గా కట్టని పువ్వుమీద తుమ్మెద వాలి ఉండొచ్చు, ఎక్కడిదో మామూలు వంకాయ పుప్పొడి అంటి ఉండొచ్చు. కాయ తోలు తల్లి మొక్కది, లోపలి గింజే రెండు మొక్కల బిడ్డ. అందుకే కలిసిన సంగతి ఆ ఏడాది కాయలో కనబడదు, గింజ మొలిచి కాసినప్పుడే బయటపడుతుంది. అలా జరిగి ఉంటే ఓబులమ్మ పెరట్లో రంగుకు నీళ్ళతో పనిలేదు.

అలాగే అయి ఉండాలని ఆమె ఆ సాయంత్రమంతా కోరుకుంది. మర్నాడు పొద్దున తుమ్మలవంక బావి నుంచి రెండు బిందెల నీళ్ళు తెప్పించింది. కేంద్రంలో మొక్కలకు వల కప్పిన వలయింట్లో పిందె దశలో ఉన్న నాలుగు తెల్ల వంకాయ కుండీలు తీసి, రెండింటికి బావి నీళ్ళు, రెండింటికి కేంద్రం నీళ్ళు పోసింది. ఒక్కో పిందెకు నడుమున నల్లటి టేపు చుట్టింది. బావి నీళ్ళ సీసా ఒకటి పరీక్ష యంత్రానికి పంపింది. యంత్రం చెడి ఉంది, బాగుచేసే మనిషి రావడానికి వారం పడుతుందన్నారు. ఇక కాయల కోసం చూడాల్సిందే.

ఇంట్లో భోజనాల దగ్గర కూతురు కీర్తన నీళ్ళ క్యాను వంచి గ్లాసు నింపుకుంటుంటే తారకేశ్వరి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"ఏమైంది?" అని అడిగాడు ఆమె భర్త మురహరి. అతను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు.

"మనం క్వార్టర్సుకు వచ్చినప్పటినుంచీ క్యాను నీళ్ళే తాగుతున్నాం కదా?"

"అవును. తుమ్మలవంక బావి నీళ్ళు ఉప్పగా ఉన్నాయని నువ్వే వద్దన్నావు."

ఆమె అన్నం కలిపి పక్కన పెట్టేసింది.

నాలుగో రోజు బావి నీళ్ళ కుండీల్లో పిందెలకు ఎండవైపు గులాబీ చాయ కమ్మింది. ఆరో రోజుకు నిండు ఊదా అయింది. టేపు విప్పితే దాని కింద తెల్లటి పట్టీ. కేంద్రం నీళ్ళు పోసిన కుండీల్లో కాయలు తెల్లగా, మచ్చ లేకుండా ఉన్నాయి. ఆరేళ్ళలో ఆ మొక్క ఇంత శుభ్రంగా జవాబు చెప్పడం అదే మొదటిసారి. యంత్రం ఎనిమిదో రోజున అంకె ఇచ్చింది. తాగే నీళ్ళలో ఉండదగ్గ హద్దుకు ముప్పై రెండు రెట్లు.

చుట్టుపక్కల నలభై కిలోమీటర్లలో ఒక్క ఫ్యాక్టరీ లేదు. గని లేదు. ఈ లోహం ఎక్కడినుంచి వచ్చిందని కాగితం పట్టుకుని ఆలోచిస్తూ తారకేశ్వరి కిటికీలోంచి బయటికి చూసింది. వలయింటి వెనక, గుట్ట వాలులో, సున్నం గుంట కనబడింది.

అప్పుడామెకు డ్రమ్ములు గుర్తుకొచ్చాయి.

మీట పనిచేస్తుందో లేదో తెలియాలంటే మొక్కలకు కాడ్మియం నీళ్ళే పొయ్యాలి. వేల కుండీలకు మూడు మోతాదుల్లో, ఏటా రెండు పంటలకు పోశారు. కుండీల అడుగున కారిన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టేవారు. వాటిని తీసుకుపోవాల్సిన బండి మొదటి ఏడు రెండుసార్లు వచ్చింది, తర్వాత రాలేదు. డ్రమ్ములు నిండి నడిచే దారి కూడా లేకుండా పోయింది. ఒకరోజు ఓబులమ్మ అడిగింది, వీటిని ఏం చెయ్యాలమ్మా అని. తారకేశ్వరి సూక్ష్మదర్శిని నుంచి తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"ఆ సున్నం గుంటలో పొయ్యి. సున్నం పట్టేసుకుంటుందిలే."

అది ఐదేళ్ళ కిందటి మాట. సున్నం కొంత పట్టుకుంటుందన్నది నిజమే. ఎన్నాళ్ళు పట్టుకుంటుందో, గుంట అడుగున ఇసుకపొర ఎంత లోతుందో ఆమె చూడలేదు. ఆ వాలుకు దిగువన మూడు వందల అడుగుల దూరంలో తుమ్మలవంక ఊటబావి ఉంది.

కేంద్రం డైరెక్టరు వామనరావు కాగితం రెండుసార్లు చదివి బోర్లించి పెట్టాడు.

"ఆమె విత్తనాలు దొంగిలించింది. ముందు అది రాసి ఇవ్వండి. అనుమతి లేని మొక్కను బయట పెంచడం పెద్ద నేరం. ఆ మొక్కలు పీకించి కాల్చేద్దాం. బావి సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు. వచ్చే నెల అనుమతులిచ్చే కమిటీ వస్తోంది, మర్చిపోకండి."

"ఊరంతా ఆ నీళ్ళే తాగుతోంది సార్. నేను ఓబులమ్మకు వద్దని చెప్పాను. ఎందుకో చెప్పనిదే మిగతావాళ్ళు ఎవరు వింటారు?"

"ఆ గుంట గురించి మీరు నాకు ఎప్పుడూ చెప్పలేదు డాక్టర్."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అతను కళ్ళు దించుకోలేదు. ఆమే దించుకుంది.

మధ్యాహ్నం తారకేశ్వరి నడుచుకుంటూ తుమ్మలవంకకు వెళ్ళింది. పద్నాలుగేళ్ళలో ఓబులమ్మ ఇంటికి వెళ్ళడం అదే మొదలు. అరుగుమీద ఓబులమ్మ కూతురు రామక్క కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్ళది. మేడమ్మను చూసి లేవబోయి, గోడ పట్టుకుని, రెండు ప్రయత్నాల్లో లేచింది. బాతులా అటూ ఇటూ ఒరుగుతూ నాలుగడుగులు నడిచి కుర్చీ జరిపింది.

"ఎప్పటినుంచి ఇలా?" అని అడిగింది తారకేశ్వరి.

"మూడేండ్లాయ మేడం. తుంటి ఎముకలు నొప్పి. ఈ ఊర్లోనే మొగుని ఇంట్లో బిందె ఎత్తలేకపోతాంటి, ఈడికి పంపించిరి. సున్నం తక్కువుందని మాత్రలిచ్చినారు."

రెండేళ్ళలోనే ఎముకలదాకా రావడం పుస్తకాల్లో లేదు. పుస్తకాలు రాసినవాళ్ళెవరూ ముప్పై రెండు రెట్లు తాగిన ఊరిని చూసి ఉండరు. లోపల గోడమీద ఓబులమ్మ భర్త నారప్ప ఫొటోకు దండ వేసి ఉంది. పోయిన ఎండాకాలంలో మూత్రపిండాలు చెడి చనిపోయాడు. సారాయి వల్లే అనుకున్నారందరూ. తారకేశ్వరి కూడా అప్పుడు ఆ మాటే అంది.

ఓబులమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నీళ్ళు మంచివి కావంటిరి. బాయిలో ఏముందమ్మా?"

"కాడ్మియం అని ఒక లోహం. విషం."

"యాడ్నించి వచ్చింది?"

తారకేశ్వరి గుట్టవైపు చూపించింది.

"డ్రమ్ముల్లోంచి. గుంటలో పోయించాను కదా, ఆ నీళ్ళు."

ఓబులమ్మ తన రెండు అరచేతులూ విప్పి చూసుకుంది.

"అవి మోసింది నేనే గదమ్మా," అంది. "బకెట్టు బకెట్టు మోసి నేనే పోసినా. కాలికి చిందితే ఈ బాయి కాడికే వచ్చి కడుక్కుంటి."

రామక్క తల్లిని చూసింది, మేడమ్మను చూసింది. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ ఏడవలేదు.

"మీకు తెల్సా?" అని అడిగింది ఓబులమ్మ. "పొయ్యమన్నప్పుడు అది విషమని తెల్సా?"

"తెలుసు. బావి దాకా వస్తుందని తెలియదు. అడిగి తెలుసుకోవాల్సింది. తెలుసుకోలేదు."

ఓబులమ్మ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినబడింది.

ఆ సాయంత్రమే తారకేశ్వరి జిల్లా అధికారులకు ఉత్తరం రాసింది. మురహరి అది చదివి కళ్ళద్దాలు తీసి పెట్టాడు.

"ఉద్యోగం పోతుంది. కేసు కూడా పెడతారు."

"తెలుసు."

"కీర్తనకు నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

"నేనే చెబుతాను," అంది. పదో తరగతి చదివే కీర్తన అంతా విని ఒకటే అడిగింది. "అమ్మా, మరి వాళ్ళకు క్యానులు ఎందుకు ఇవ్వలేదు?" ఉప్పునీళ్ళు వాళ్ళకు అలవాటేనని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

విచారణ పన్నెండు రోజుల తర్వాత కేంద్రం సమావేశపు గదిలోనే జరిగింది. ఈలోపు బావికి రాతిపలక వేయించి సీలు వేశారు. ముగ్గురు అధికారులు వచ్చారు. వామనరావు ఇస్త్రీ చొక్కాతో ఒక పక్కన కూర్చున్నాడు. ఓబులమ్మను పిలిచారు. ఆమె తారకేశ్వరివైపు చూడకుండా వచ్చి నిలబడింది.

"డ్రమ్ముల నీళ్ళు గుంటలో పొయ్యమని నీకు ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాడు పెద్ద అధికారి.

"ఎవురూ చెప్పల్యా సార్. దూరం మొయ్యలేక నేనే పోసినా. చదువురాని దాన్ని, విషమని తెలీదు."

తారకేశ్వరికి తను విన్నది నిజమేనా అనిపించింది. వామనరావు కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆ సర్దుకోవడం చూశాక, అది అతను చెప్పించిన మాటేనని ఆమెకు తెలిసిపోయింది.

లేచి నిలబడింది.

"ఆమె చెప్పేది నిజం కాదు. పొయ్యమన్నది నేను. ఐదేళ్ళు, వారానికి రెండుసార్లు. డైరెక్టరుగారికి మూడో ఏడు రాతపూర్వకంగా తెలియజేశాను. ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది. విత్తనాల సంగతికి వస్తే, ఆమె దాచుకోకపోతే ఊళ్ళో ఇంకా ఆ నీళ్ళే తాగుతూ ఉండేవారు."

ఓబులమ్మ అప్పుడు తలతిప్పి చూసింది. అందులో కృతజ్ఞత లేదు. కొట్టినట్టు చూసింది.

బయట వరండాలో తారకేశ్వరి ఆమెను కలుసుకుంది.

"ఎందుకలా చెప్పావు ఓబులమ్మా?"

"ఎందుకా? నేను పోసినానని ఒప్పుకుంటే రామక్కను పెద్దాసుపత్రిలో చేర్పించి నయమయ్యేదాకా చూసుకుంటామని డైరెక్టరు సార్ అన్నారు. విత్తనాల కేసు కూడా ఉండదన్నారు. నా తలకాయ పోతే పోయింది, బిడ్డ నడుస్తుంది గదా అనుకుంటి." ఆమె గొంతు పెరగలేదు. "నిజం చెప్పి నీ బరువు దించుకుంటివి మేడమ్మా. నా కూతురి మందులు ఇప్పుడు ఎవురిస్తారు?"

పద్నాలుగేళ్ళలో ఓబులమ్మ ఆమెను నువ్వు అనడం అదే మొదటిసారి. ఓబులమ్మ చెప్పులు వేసుకుని గుట్ట దిగి వెళ్ళిపోయింది.

తర్వాత జరిగినవన్నీ కాగితాల వేగంతోనే జరిగాయి. తారకేశ్వరినీ వామనరావునూ ఉద్యోగంలోంచి తప్పించి కేసు పెట్టారు. సున్నం గుంట మట్టి తవ్వి డబ్బాల్లో మూసి తీసుకుపోయారు. ఊళ్ళో అందరికీ పరీక్షలు చేశారు. అరవై ఒక్క గడపల్లో ముప్పై ఎనిమిది మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు తేలింది. అందులో పదకొండు మంది పదేళ్ళలోపు పిల్లలు. కమిటీ ఆదేశం మీద వలయింట్లోని తెల్ల వంకాయ మొక్కలు, విత్తనం, అన్నీ తగలబెట్టారు. గుట్టమీద పచ్చిమొక్కల పొగ రోజంతా లేచింది. కొత్త కుళాయి వచ్చిన రోజు ఊరివాళ్ళు ఆ నీళ్ళు తాగడానికి భయపడ్డారు. ఒక వంకాయ మొక్క ఇప్పించండని అధికారులను అడిగారు. మొక్క లేదు, నీళ్ళ పరీక్ష కాగితం ఉందన్నారు.

ఊరందరికీ వైద్యం చేయిస్తామన్న ఉత్తర్వు వచ్చేసరికి తొమ్మిది నెలలు పట్టింది. విచారణలో నిజం బయటపడబట్టే అది వచ్చింది. మొదటి ఆరు నెలలూ రామక్కకు దొరికినవి మళ్ళీ ఆ సున్నం మాత్రలే. ఏడో నెలలో ఆమె కాళ్ళు, ముఖం ఉబ్బాయి. మూత్రపిండాలు పూర్తిగా ఆగిపోయాయి. వారానికి రెండుసార్లు పట్నంలో రక్తం శుద్ధి చేయించకపోతే బతకదన్నారు.

తారకేశ్వరి కారు తీసుకుని తుమ్మలవంకకు వెళ్ళింది. మొదటి మూడుసార్లు ఓబులమ్మ తలుపు తియ్యలేదు. బస్సులో కూతురు రెండుసార్లు సొమ్మసిల్లి పడిపోయాక, నాలుగోసారి తీసింది. రామక్కను పట్టుకుని నడిపించుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది. అలా దారంతా మాటల్లేకుండా వెళ్ళివచ్చేవారు. మంగళవారం, శుక్రవారం. కేసు వాయిదా ఉన్న రోజు మురహరి తీసుకెళ్ళేవాడు.

ఐదు నెలల తర్వాత ఒక శుక్రవారం ఆసుపత్రిలో కొత్త నర్సు ఉంది. రామక్కను మంచంమీదికి ఎక్కించి సూది గుచ్చాక, ఆమె పుస్తకం తెరిచింది. రక్తం ఎక్కువ పోతే వెంటనే సంతకం పెట్టి బాధ్యత తీసుకునే మనిషి పేరు రాయాలట. ఓబులమ్మ వేలిముద్ర ఉంది గానీ చదివి సంతకం చేసేవాళ్ళు ఇంకొకరు కావాలంది.

నర్సు తారకేశ్వరివైపు చూసింది.

"మేడం, పేషంటుకు మీరు ఏమవుతారు?"

తారకేశ్వరి కలం పట్టుకుని నిలబడింది. తెలిసినవాళ్ళమని చెబుదామనుకుంది. ఆ మాట కూడా ఎక్కువే అనిపించింది. నర్సు కాగితంమీద ఖాళీ గడి చూపిస్తూ ఎదురుచూసింది.

మంచం పక్క బల్లమీద కూర్చున్న ఓబులమ్మ తలెత్తకుండా కూతురి కాళ్ళమీద దుప్పటి సర్దింది.

"మా నీళ్ళల్లో విషం పోయించిన మేడం," అంది. "అట్లనే రాసుకోమ్మా. ఈ బిడ్డకు ఏమన్నా అయితే ముందు ఆమెనే పిలవాల."

నర్సు బిత్తరపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తారకేశ్వరి ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకుని ఆ గడిలో ఓబులమ్మ చెప్పిన మాటలే రాసింది. కింద తన పేరు, ఫోను నంబరు వేసి, రామక్క తలవైపు ఉన్న కుర్చీలో కూర్చుంది. గొట్టంలో రక్తం యంత్రంలోకి వెళ్ళడం మొదలైంది. పూర్తికావడానికి నాలుగు గంటలు పడుతుంది.